వీపు మీద రెండు దెబ్బలు

గెడ్డం ఎస్తేరుకు యాభై ఏడేళ్ళు. పైపులను పట్టి ఉంచే ఏ స్నబ్బర్ దగ్గరికి వెళ్ళినా ముందు దాని వీపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తుంది. ఆ తర్వాతే టార్చి వెలిగించి చూస్తుంది.

ఆ అణు విద్యుత్ కేంద్రంలో మగవాళ్ళకు ఆ దెబ్బలంటే భలే సరదా. "ఎస్తేరమ్మ గేదెలకు స్నానం చేయిస్తోందిరా" అనేవాడు పరంజాలు కట్టే పైడిరాజు. అందరూ నవ్వేవాళ్ళు.

సువర్చల కూడా నవ్వింది. ఆమెకు ఇరవై అయిదేళ్ళు, మెకానికల్ డిప్లొమా చదివింది. ఎనిమిది నెలలుగా ఎస్తేరు దగ్గర పని నేర్చుకుంటోంది. గురువు ఆడదై, పైగా అయిదో తరగతితో చదువు ఆపేసినదైతే, నవ్వడానికి శిష్యులకు పెద్ద ధైర్యం అక్కర్లేదు.

ఆ ఏడాది యూనిట్ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్‌లో సువర్చల మొదటిసారి ఒంటరిగా పంపు గదిలోకి వెళ్ళింది. నలభై ఆరు స్నబ్బర్లను రెండు రోజుల్లో చూసి, అన్నీ బాగున్నాయని రాసి సంతకం పెట్టింది. అదే పనికి ఎస్తేరుకు నాలుగు రోజులు పట్టేది.

"చూశారా, చదువుకున్న పిల్లకు, చదువుకోనివాళ్ళకు తేడా?" అన్నాడు ఇంజనీరు దివాకర్. ఎస్తేరు పక్కనే ఉంది. ఉంది కాబట్టే అన్నాడు.

కానీ ఆ ఫారం ముందుకు కదల్లేదు. దానిలో రెండు గడులు. మొదటిది తనిఖీ చేసినవారిది. అందులో సంతకం పెట్టాలంటే కనీసం పదో తరగతి పాసై ఉండాలని కాంట్రాక్టరు రూలు. రెండోది సాక్షిది. ఇరవై రెండేళ్ళుగా ఎస్తేరు సంతకం రెండో గడిలోనే ఉంటోంది. పని నేర్పింది రెండో గడిలో, నేర్చుకున్నది మొదటి గడిలో. ఇది ఎవరికీ వింతగా అనిపించలేదు.

ఈసారి ఎస్తేరు ఆ రెండో గడి నింపలేదు.

దివాకర్ మూడుసార్లు అడిగాడు. అతనికి ముప్పై ఎనిమిదేళ్ళు. ఎస్తేరును నువ్వు అనే అంటాడు.

"ఏంటి ఎస్తేరూ, కళ్ళజోడు కావాలా? ఎక్కడ పెట్టాలో నేను చూపించనా?"

"ఇంకా చూస్తున్నానయ్యా."

"ఏం చూస్తున్నావు? కాగితమేగా!"

"కాగితమే చూస్తున్నాను."

సువర్చలకు ఒళ్ళు మండింది. తన సంతకం కింద ఆ ఖాళీ గడి ఊరంతటికీ కనబడుతున్నట్టు ఉంది. ఎస్తేరమ్మకు అసూయ అనుకుంది. నాలుగు రోజుల పని రెండు రోజుల్లో చేస్తే ఎవరికి మాత్రం నచ్చుతుంది?

*

స్నబ్బర్ అంటే స్కూటరు చక్రం దగ్గర ఉండే షాక్ అబ్జార్బర్ లాంటిదే. కాకపోతే మనిషి మొండెమంత ఉంటుంది. ఒక కొస గోడకు, ఒక కొస పైపుకు బిగించి ఉంటుంది. పైన ఆయిల్ డబ్బా, దానికి చిన్న గాజు గొట్టం. గొట్టంలో ఆయిల్ ఎంతవరకు ఉందో బయటి నుంచే కనబడుతుంది.

పనిలో చేరిన మొదటిరోజు సువర్చల అడిగింది. "ఇది గట్టిదా అమ్మా, మెత్తదా?"

వర్క్‌షాపులో బల్ల మీద చిన్న స్నబ్బర్ ఒకటి బిగించి ఉంది. ఎస్తేరు దాని కడ్డీని సువర్చల చేతికిచ్చింది.

"మెల్లగా లాగు."

లాగింది. వెన్నలోంచి కత్తి వచ్చినట్టు వచ్చింది.

"ఇప్పుడు గుంజు."

గుంజింది. భుజం కలుక్కుమంది. కడ్డీ రాయిలా బిగుసుకుపోయింది. లోపల ఆయిల్ వెళ్ళే దారి మూసుకుపోయింది.

"పైపులు వేడెక్కి సాగుతాయి, చల్లారి ముడుచుకుంటాయి. రోజూ ఉండేదే. రోజూ ఇది వాటితోపాటు జరుగుతుంది" అంది ఎస్తేరు. "భూమి అదిరితే మాత్రం జరగదు. అప్పుడు పైపును పట్టుకుంటుంది."

"భూమి ఎప్పుడో గాని అదరదు కదమ్మా."

"ఎప్పుడో గానీ అదరదు."

అంతే చెప్పి ఎస్తేరు చేతులు తుడుచుకుంది. సువర్చల మాత్రం నోట్‌బుక్కులో ఒక పేజీ నిండా రాసుకుంది.

*

పంపు గదిలోకి వెళ్ళేటప్పుడు తొడిగే తెల్ల సూట్లు మగవాళ్ళ కొలతలకు కుట్టినవి. ఆడవాళ్ళకు విడిగా కుట్టించాలని ఎనిమిదేళ్ళ కిందట ఎవరో ఫైలు పెట్టారు. ఆ ఫైలు ఎక్కడో క్షేమంగానే ఉంది. సువర్చల ప్యాంటు కాళ్ళు రెండు మడతలు వేసి టేపు చుట్టుకుని వెళ్ళేది.

ఆడవాళ్ళను ఈ పనిలోకి తీసుకున్నది వాళ్ళ మీద గౌరవం పొంగిపొర్లి కాదు. పైపుల మధ్య సందులు ఇరుకు. సన్నటి భుజాలు కావాలి.

అయితే మహిళా దినోత్సవానికి మాత్రం ఫొటో కావాల్సి వచ్చింది. తనిఖీ మొదటిరోజు పంపు గది తలుపు పక్కనే ఉన్న ఎనిమిదో నంబరు స్నబ్బర్ దగ్గర సువర్చలను నిలబెట్టి తీశారు. నడుమెత్తులో, మంచి వెలుతురులో ఉంటుంది అది. సువర్చల ఒక చెయ్యి దాని మీద ఆనించి నవ్వింది. "నవ్వు కనబడేలా ఆ ముసుగు కాస్త ఎత్తమ్మా" అన్నాడు ఫొటో తీసినవాడు. రేడియేషన్ చూసే అధికారి అక్కడే ఉండి ఒప్పుకోలేదు. ఆ ఏడాది ఆ గదిలో మగవాడు చేసిన మంచిపని అదొక్కటే.

*

తనిఖీ మొదలైన నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలకు క్యాంటీనులో టేబుళ్ళు కదిలాయి.

అయిదారు సెకన్లు. అంతే. స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. పైన ఫ్యాను పక్కకు ఊగింది. తర్వాత ఏమీ లేదు.

పైడిరాజు లేచి తలుపు వైపు చూశాడు.

"భయపడకండి. క్యాషియర్ సత్యవతి గారు కుర్చీలో కూర్చున్నారంతే."

అందరూ గొల్లున నవ్వారు. సత్యవతి కూడా నవ్వింది. నవ్వకపోతే గర్వమంటారు.

సువర్చల నవ్వలేదు. చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది.

ముప్పై ఒకటో నంబరు.

అది పంపు వెనక, గోడ వైపు ఉంటుంది. నేరుగా చూడ్డానికి కుదరదు. కర్ర చివర అద్దం కట్టి, చెయ్యి భుజం దాకా సందులోకి పెట్టి, అద్దంలో చూడాలి. ఆరోజు ఆమె ముసుగు లోపల ఆవిరి పట్టేసింది. చెమట కళ్ళలోకి కారింది. జేబులో రేడియేషన్ మీటరు రెండుసార్లు కూత పెట్టింది. మూడోసారి కూస్తే బయటికి వచ్చేయాలి. అదే సమయంలో ఎడమ కాలికి చుట్టిన టేపు ఊడి ప్యాంటు బూటు కిందికి జారుతోంది. ఎక్కడ తట్టుకుని పడతానో అని ఆమె దృష్టంతా కాలి మీదే ఉంది.

అద్దంలో గాజు మధ్యలో గోధుమరంగు గీత కనబడింది. టిక్కు పెట్టింది.

కనబడింది. కనబడిందా? అద్దం వణుకుతోంది కదా. గీతేనా అది?

రేపు పొద్దున పంపులు తిరుగుతాయి. ఆ పైపుల్లో కాగే నీళ్ళు పరుగెత్తుతాయి. ఇవాళ అదిరినట్టు అప్పుడు అదిరితే, ఇంతకంటే గట్టిగా అదిరితే? కాంపౌండు గోడ అవతల జాలర్ల పేట ఉంది. క్యాంటీను కిటికీలోంచి వాళ్ళు ఆరేసిన చేపలు కనబడుతున్నాయి. ఎవరో పిల్ల కాకులను తోలుతోంది.

సువర్చల ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేసి లేచింది.

"ఏమ్మా, టిఫిను నచ్చలేదా?" అన్నాడు పైడిరాజు.

ఆమెకు వినబడలేదు.

*

ఎస్తేరు వర్క్‌షాపులో ఒంటరిగా ఉంది. బల్ల దగ్గర నిలబడి పాత గుడ్డతో ఏదో తుడుస్తోంది.

"అమ్మా, భూమి అదిరింది."

"అదిరింది."

"ముప్పై ఒకటి..." అంది సువర్చల. "ముప్పై ఒకటి నేను సరిగ్గా చూశానో లేదో తెలీట్లేదమ్మా. గీత చూసినట్టే ఉంది. ముసుగుకు ఆవిరి పట్టింది. అప్పుడేమో ఖాయంగా చూశాననుకున్నాను. ఇప్పుడు..."

ఎస్తేరు వంగి బల్ల కింది నుంచి రెండు పాత స్నబ్బర్లు ఒకదాని తర్వాత ఒకటి పైకి లాగింది. సువర్చల ఒక చెయ్యి వేసింది. రెండింటినీ పక్కపక్కనే బిగించారు. ఒకే పొడవు, ఒకే రంగు, ఒకే రకం తుప్పు.

ఎస్తేరు ఖాళీ ఫారం ఒకటి ముందు పెట్టింది.

"రాయి."

"ఇప్పుడా అమ్మా? నేను చెప్పేది..."

"రాయి పిల్లా."

సువర్చల టార్చి వేసి చూసింది. ఇక్కడ ఆవిరి లేదు, చెమట లేదు, మీటరు కూతలు లేవు. రెండు గాజుల్లోనూ సగానికి గోధుమరంగు గీత స్పష్టంగా ఉంది. పిన్నులు చూసింది. బోల్టులు చూసింది. కారిన మరకలు ఉన్నాయేమో కింద వేలు పెట్టి చూసింది. మొదటిది, ఆయిల్ సగం, బాగుంది. రెండోది, ఆయిల్ సగం, బాగుంది. రాసింది.

"సంతకం."

పెట్టింది.

ఎస్తేరు మొదటిదాని వీపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది.

గాజులో గీత వణికింది. అటూ ఇటూ ఊగి మెల్లగా నిలబడింది.

ఎస్తేరు రెండోదాని వీపు మీద రెండు దెబ్బలు వేసింది.

గీత కదల్లేదు.

సువర్చల ముందుకు వంగింది. ఎస్తేరు మళ్ళీ కొట్టింది, ఈసారి గట్టిగా. బల్ల అదిరింది. బల్ల మీది మేకులు అదిరాయి. గీత అలాగే ఉంది. అది ఆయిల్ కాదు. ఎప్పుడో ఆయిల్ ఉన్నచోట గాజుకు పట్టిన మరక.

"దీనిలో ఆయిల్ పోయి తొమ్మిదేళ్ళు" అంది ఎస్తేరు. "గాజుకు ఆ సంగతి తెలీదు."

సువర్చల గాజు మీద వేలితో రుద్దింది.

"ఇన్నాళ్ళూ మీరు కొట్టేది... దీనికా?"

"మరెందుకనుకున్నావు?"

"ఎప్పుడూ చెప్పలేదేమ్మా?"

"నువ్వెప్పుడూ అడగలేదు. నవ్వావు."

ఆ మాట కోపంగా అనలేదు. బయట ఎండగా ఉందని చెప్పినట్టు అంది. సువర్చలకు అందుకే ఎక్కువ భయమేసింది.

"నలభై ఆరులో ఎన్నింటిని తట్టావు?"

వర్క్‌షాపులోకి వచ్చినప్పుడు సువర్చలకు ఒక్క స్నబ్బర్ మీద భయం ఉంది. ఇప్పుడు నలభై ఆరింటి మీద ఉంది.

*

గోడ గడియారంలో పన్నెండున్నర. సాయంత్రం నాలుగింటికి పంపు గది తలుపు మూసి సీలు వేస్తారు. ఆ తర్వాత యూనిట్ మొదలవుతుంది. మళ్ళీ షట్‌డౌన్ వచ్చేదాకా, అంటే ఏడాదిన్నర పైన, ఆ గదిలోకి ఎవరూ వెళ్ళలేరు.

"అమ్మా, మీరు సంతకం పెట్టొద్దు" అంది సువర్చల గబగబా. "మీరు ఇంకా పెట్టలేదు కదా. మళ్ళీ చూస్తే గానీ పెట్టనని చెప్పండి. మీకు అలవాటేగా, మీరెప్పుడూ లేటు చేస్తారని వాళ్ళు ఎలాగూ అనుకుంటారు. మళ్ళీ అలాగే అనుకుంటారు. ఈసారి అన్నింటినీ తట్టి చూస్తాను. నా పేరు రాకుండా..."

తన మాటలు తనకే వినబడి ఆగిపోయింది.

"నేను చెబితే ఉద్యోగం పోతుందమ్మా" అంది చివరికి, చిన్నగా. "చూడకుండా సంతకం పెట్టానంటారు. ఇంకెక్కడా రానివ్వరు."

ఎస్తేరు గుడ్డ బల్ల మీద పెట్టింది. చుట్టూ తిరిగి ఆమె వెనక్కి వచ్చింది.

సువర్చల వీపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది.

తర్వాత ముందుకు వచ్చి ఆమె ముఖంలోకి చూసింది. గాజు గొట్టంలోకి చూసినట్టే, తొందర లేకుండా, కళ్ళు చికిలించి చూసింది.

చూసి, వెనక్కి తిరిగి తన పని చేసుకుంది.

*

దివాకర్ ఫోనులో ఉన్నాడు. చేత్తో కుర్చీ చూపించాడు. సువర్చల కూర్చోలేదు. టేబులు మీద ఫారం ఉంది. మొదటి గడిలో తన సంతకం, చివర కొంచెం ఎగరేసినట్టు. అలా ఎగరేసినప్పుడు తనకెంత హుషారుగా ఉందో గుర్తొచ్చింది.

అతను ఫోను పెట్టేశాడు.

"సార్, నా సంతకం కొట్టేస్తాను. మళ్ళీ చూడాలి."

"దేన్ని?"

"అన్నింటినీ."

దివాకర్ నవ్వాడు. మంచిగానే నవ్వాడు.

"పొద్దున కాస్త ఊగిందని భయపడ్డావా? నాకూ భయమేసిందమ్మా. మనుషులం కదా. కూర్చో. మంచినీళ్ళు తాగు. అంతా చూశావు కదా నువ్వు?"

"చూశాను సార్."

"ఆయిల్ ఉంది కదా?"

"ఉన్నట్టు కనబడింది సార్."

"మరింకేం? రాత్రంతా నిద్రలేదు నీకు, కళ్ళు చూడు. ఇంటికెళ్ళి పడుకో. రేపు యూనిట్ మొదలవగానే నీ ఫొటో మన కేంద్రం పత్రికలో వస్తుంది. మీ అమ్మకు పంపించు, సంతోషిస్తుంది."

అతను అలా మెల్లగా చెబుతున్నంతసేపూ ఆమె తల ఊపుతూనే ఉంది. అవును సార్ అంది. నిజమే సార్ అంది. కాళ్ళు తలుపు వైపు రెండడుగులు జరిగాయి కూడా.

జరుగుతూనే ఆమె అంది. "తట్టి చూడలేదు సార్."

"తట్టడమేంటి?"

చెప్పింది. మరక సంగతి చెప్పింది. దివాకర్ ముఖం మారిపోయింది.

"ఎస్తేరు నూరిపోసిందా ఇదంతా?" చేత్తో టేబులు మీద చరిచాడు. "అయిదో తరగతి చదివిన మనిషి గేదెను తట్టినట్టు తడితే అది టెస్టా? ఏ పుస్తకంలో ఉంది? పరంజాలు విప్పేశారు. కంట్రోల్ రూముకు టైము చెప్పేశాను. ఇప్పుడు సంతకం కొట్టేస్తే నువ్వు దొంగ సంతకం పెట్టానని నీ చేత్తో నువ్వు ఒప్పుకున్నట్టు. తెలుస్తోందా? ఉద్యోగం పోతుంది! బయటికి నడువు!"

సువర్చల కదల్లేదు.

అతను ఇంకోసారి అరిచాడు. పక్కగదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. సువర్చల టేబులు మీది ఫారం తన వైపు తిప్పుకుంది. అతని పెన్నే తీసుకుంది. తన సంతకం మీద అడ్డంగా ఒక గీత గీసింది. పక్కన రాసింది: చూశాను. తట్టలేదు.

అక్షరాలు వంకరగా వచ్చాయి. చదవడానికి మాత్రం వచ్చాయి.

కొట్టివేత ఉన్న ఫారాన్ని కంట్రోల్ రూము తీసుకోదు. ఆ రూలు పుస్తకంలోనే ఉంది. దివాకర్ ఆ కాగితం వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఫోనెత్తి పైడిరాజును పిలిచాడు.

*

రెండు గంటలకు ఇద్దరాడవాళ్ళూ సూట్లు తొడుక్కున్నారు. ఎస్తేరు వంగి సువర్చల ప్యాంటు కాళ్ళకు టేపు చుట్టింది. ఒకటికి మూడు చుట్లు.

పరంజా మీద నిలబడి పైడిరాజు కిందికి చూశాడు. ఈసారి అతను జోకు వెయ్యలేదు. విప్పిన పరంజా మళ్ళీ కడుతున్నవాడికి జోకులు రావు.

గదిలో ఊపిరాడనంత వేడి. ఏ చప్పుడూ లేదు. పంపులు తిరుగుతున్నప్పుడు చెవులు చిల్లులు పడే చోట అంత నిశ్శబ్దం ఉండటం సువర్చలకు నచ్చలేదు. జేబులో మీటరు ఎప్పుడు కూస్తుందా అని చెవులు దానికే అప్పగించి నడిచింది. నేరుగా ముప్పై ఒకటి దగ్గరికి వెళ్ళింది. చెయ్యి భుజం దాకా సందులోకి పెట్టింది. అద్దం కుదురుగా పట్టుకుంది. రెండో చెయ్యి పైపు కింది నుంచి దూర్చి, అందినంతలో వీపు మీద రెండు దెబ్బలు వేసింది.

గీత వణికింది.

సువర్చల గోడకు ఆనుకుని ముసుగు లోపల గట్టిగా నవ్వేసింది. ఏడ్చింది కూడా కావచ్చు, ముసుగు లోపల అది ఆమెకే తెలియాలి.

"ఉందమ్మా! ఆయిల్ ఉంది! నేను సరిగ్గానే చూశాను. పోదామా?"

ముసుగు లోంచి ఎస్తేరు గొంతు దూరంగా వచ్చింది.

"ఒకటి నుంచి."

ఒకటి. రెండు దెబ్బలు. వణికింది. రెండు. వణికింది. మూడు, నాలుగు. ప్రతిదాని ముందూ సువర్చలకు ఊపిరి ఆగుతోంది, ప్రతిదాని తర్వాతా వస్తోంది. అయిదు, ఆరు, ఏడు.

ఎనిమిది తలుపు పక్కనే ఉంది. నడుమెత్తులో. మంచి వెలుతురులో. అద్దం అక్కర్లేదు, వంగక్కర్లేదు. గాజు మధ్యలో గీత ముప్పై ఒకటి కంటే స్పష్టంగా ఉంది. ఫొటోలో ఆమె చెయ్యి ఆనించింది సరిగ్గా దానికి జానెడు పక్కన. సువర్చల దాదాపు తట్టకుండానే ముందుకు పోబోయింది.

ఆగి, రెండు దెబ్బలు వేసింది.

గీత కదల్లేదు.

ఇంకో రెండు వేసింది. ఇంకో రెండు. ఎస్తేరు పక్కకు వచ్చి తన చేత్తో కొట్టింది. గోడ మీది దుమ్ము రాలింది. గీత గాజును పట్టుకుని అలాగే ఉంది.

మీటరు కూసింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"దీని పక్కనుంచే అందరూ లోపలికి వస్తారు కదమ్మా" అంది సువర్చల. "రోజూ. దివాకర్ గారు కూడా."

"అందరూ చూసిందే" అంది ఎస్తేరు.

*

సాయంత్రం ఎనిమిదో నంబరును విప్పి వర్క్‌షాపు బల్లకు బిగించారు. చుట్టూ పదిమంది చేరారు. దివాకర్ చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు.

కడ్డీని లాగి పరీక్షించే యంత్రం దగ్గరికి ఎస్తేరు వెళ్ళలేదు. సువర్చలకు కళ్ళతో చూపించింది.

మొదట యంత్రం కడ్డీని మెల్లగా లాగింది. కడ్డీ వచ్చింది.

తర్వాత యంత్రం గుంజింది. భూమి అదిరినప్పుడు పైపు ఎలా గుంజుతుందో, అలా.

కడ్డీ వచ్చింది.

సువర్చల మళ్ళీ మీట నొక్కింది. ఎలా లాగితే అలా, ఎంత లాగితే అంత, అడ్డు చెప్పకుండా వచ్చింది. పైడిరాజు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. కిటికీ అవతల జాలర్ల పేటలో చేపలు ఎత్తుతున్నారు.

ఒకటి ఫెయిలైతే ఆ రకానివి మరికొన్ని విప్పి పరీక్ష చెయ్యాలని రూలు. విప్పారు. అలాంటివే ఇంకో రెండు దొరికాయి. యూనిట్ ఆరు రోజులు ఆలస్యంగా మొదలైంది. ఆ ఆరు రోజులూ క్యాంటీనులో ఆ ఇద్దరి పక్కన ఎవరూ కూర్చోలేదు. సత్యవతి మాత్రం కౌంటరు వదిలి వచ్చి కూర్చునేది.

సరిగ్గా తనిఖీ చెయ్యకుండా సంతకం పెట్టిందని నెలాఖరుకు సువర్చలను తీసేశారు. అందులో అబద్ధం లేదు. ఆమె కూడా కాదనలేదు. మహిళా దినోత్సవం పత్రికలో ఫొటో వచ్చింది. ఎనిమిదో నంబరు మీద చెయ్యి ఆనించి సువర్చల, కింద "భద్రమైన చేతులు" అని పెద్దక్షరాలు.

తర్వాతి షట్‌డౌన్‌కు కాంట్రాక్టరు ఎస్తేరును పిలవలేదు. ఆ ఖాళీలో ఆమె ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకుంది. లెక్కలు సువర్చల చెప్పింది. యాభై తొమ్మిదో ఏట ఎస్తేరు పదో తరగతి పాసైంది. ఆ తర్వాతి షట్‌డౌన్‌కు పంపు గదిలో స్నబ్బర్లు చూడగలిగినవాళ్ళు దొరక్క ఆమెను మళ్ళీ పిలిచారు. మొదటి గడిలో ఆమె పెట్టిన మొదటి సంతకం ఒక స్నబ్బర్ ఫెయిలని రాసిన ఫారం మీద ఉంది.